తడి అద్దం

మొదట అద్దం కింద పెట్టింది రెండు ద్రాక్షపండ్లు.

నల్లద్రాక్ష. అప్పుడే గుత్తిలోంచి తుంచినవి. ఒకదాన్ని సునంద కాడతో పట్టుకుని జాగ్రత్తగా బల్ల మీద పెట్టింది. రెండోదాన్ని జేబురుమాలుతో గట్టిగా తుడిచింది. పండు మీద తెల్లగా బూడిదలా ఉండే పొర పోయి నల్లగా నిగనిగలాడింది. చూసేవాళ్ళెవరైనా ఆ రెండో పండే బాగుందంటారు.

"తెర దించండి సార్," అంది.

పాణిగ్రాహి గారు కిటికీ తెర దించారు. ఆ పరిశోధనశాలకు ఆయన పెద్ద. బరంపురం నుంచి వచ్చి విశాఖపట్నంలో స్థిరపడిన మనిషి. తెలుగు నెమ్మదిగా, ఒక్కో మాటా తూచినట్టు మాట్లాడతారు.

అద్దంలో మొదటి పండు చీకటిగా ఉండిపోయింది. తుడిచిన పండు మీద నుంచి మాత్రం సన్నటి నీలపు ఆవిరి లేచింది. అగరొత్తి పొగలాగా మెలికలు తిరుగుతూ లేచి, అద్దం అంచు దాటగానే మాయమైంది.

"అందంగా చేయబోయి చంపేశావమ్మా పండుని," అన్నారాయన. "మా ఆవిడ నా కళ్ళజోడు కూడా ఇలాగే తుడుస్తుంది."

సునంద నవ్వలేదు. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. కొన్నేళ్ళుగా ఆ నీలం కోసమే చూస్తోంది.

మనిషి చర్మం మీద కూడా అలాంటి పొర ఉంటుంది. గోడలో ఇటుకల మధ్య సున్నంలాగా, కంటికి కనిపించని ఆ కొవ్వు పొర చర్మకణాల్ని పట్టి ఉంచుతుంది. అది చెడితే లోపలి తడి బయటికి పోతుంది, బయటి దుమ్మూ సబ్బూ లోపలికి వస్తాయి. దురద పుట్టి, ఎర్రబడి, పగిలాక గాని డాక్టరుకు తెలియదు. అంతకుముందే, ఇంకా ఏమీ కనిపించకముందే, తడి ఎక్కడి నుంచి పోతోందో ఈ అద్దం చూపిస్తుంది. గదిలో అందరూ దాన్ని 'తడి అద్దం' అన్నారు. తరవాత దేశమంతా అదే పేరు నిలిచింది.

ఆ సాయంత్రం సునంద పెదవాల్తేరులో ఇంటికి వచ్చేసరికి ఇల్లంతా సాంబ్రాణి వాసన. స్నానాల గదిలో ఆమె తల్లి దాలమ్మ నేల మీద కాళ్ళు బారచాపి కూర్చుని ఉంది. ఆ కాళ్ళ మీద జాజి బోర్లా పడుకుని ఉంది. జాజి సునంద కూతురు, ఇంకా ఏడాది నిండలేదు.

"బేగి రా, నీ కూతురు దొరసాని సూడు," అంది దాలమ్మ. "నీళ్ళు పోత్తే ఏడవదు, ఆపేత్తే ఏడుత్తాది."

దాలమ్మ పాప వీపు మీద నలుగుపిండి మెత్తగా రుద్దింది. వేళ్ళ చివర్లతో మెడ దగ్గర నుంచి నడుము దాకా దిగింది. చెంబు ముంచే ముందు మోచెయ్యి పెట్టి నీళ్ళ వేడి చూసుకుంది. అరచెయ్యి పెట్టలేదు. చెంబు ఎత్తినప్పుడల్లా పెదవి బిగబట్టింది. సునంద ఆ రెండూ చూసింది. పసిపిల్ల కదా, అందుకే అంత జాగ్రత్త అనుకుంది.

తుడిచాక కొబ్బరినూనె రాసింది. ముక్కు సాగదీసింది. తల గుండ్రంగా రావాలని అటూ ఇటూ నిమిరింది. జాజి ఆ చేతుల్లోనే కళ్ళు మూసుకుంది.

"ఆవిడ చెయ్యి పడితే చాలు, స్విచ్చు ఆపినట్టు ఆగిపోతుంది," అన్నాడు గుమ్మంలో నిలబడి సునంద భర్త జగదీశ్. పోర్టులో పనిచేసేవాడు. "మనం రాత్రంతా ఊపినా నిద్రపోదు గదా ఇది."

సునంద మాత్రం పాప మోచేతి మడతలు చూస్తోంది. అక్కడ ఎర్రగా, గరుగ్గా మచ్చలు. వారం కిందట ఒక మచ్చే ఉండేది.

దాలమ్మది పలాస. సునంద చిన్నతనంలోనే భర్త పోయాడు. జీడిపిక్కల బట్టీలో పిక్కలు కొట్టి కూతుర్ని చదివించింది. కాల్చిన పిక్క పగిలినప్పుడు లోపలి నూనె చిమ్ముతుంది. పడ్డచోట చర్మం కాలినట్టు ఊడిపోతుంది. బూడిద రాసుకుని మళ్ళీ కొడతారు. సునంద విశ్వవిద్యాలయంలో చేరాక ఆ పని మాన్పించింది. జాజి పుట్టగానే తన దగ్గరికి తెచ్చుకుంది. ఇక ఎక్కడికీ పంపనని కూడా మాటిచ్చింది.

మరునాడు రేషను దుకాణం దగ్గర చిన్న తమాషా జరిగింది. యంత్రం మీద దాలమ్మ బొటనవేలు పెట్టింది. పడలేదు. చూపుడువేలు పెట్టింది. పడలేదు. డీలరు గుడ్డతో తుడవమన్నాడు, తడి చేసుకోమన్నాడు. పది వేళ్ళూ అయిపోయాయి.

"ఏటి మామ్మా, గంధం సానమీద అరగదీసీసినావేటి నీ వేళ్ళు?" అన్నాడు.

"జీడిపిక్కలు తినీసినాయి నాయనా. నాను పప్పు తిన్నాను, అవి నా ముద్రలు తిన్నాయి."

వరసలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. సంచీ పట్టుకుని పక్కనే నిలబడ్డ సునంద కూడా నవ్వింది. చివరికి డీలరు కన్ను చూపించమన్నాడు. దాలమ్మ కళ్ళు పెద్దవి చేసుకుని యంత్రంలోకి చూసి, "నన్ను గుర్తుపట్టినాదా?" అని అడిగింది.

చర్మం గురించి పుస్తకాలు పుస్తకాలుగా చదివిన మనిషి సునంద. పది వేళ్ళకు ముద్రలు లేవని చెబితే ఎందుకని అడగాలి. ఆ రోజు ఆమెకు పప్పూ బియ్యం తీసుకుని త్వరగా వెళ్ళాలనే తొందర తప్ప ఇంకేమీ తోచలేదు. ఇంట్లోవాళ్ళ చేతులు మనకు ఎప్పుడూ కనబడుతూనే ఉంటాయి గనక వాటిని చూడం.

అద్దం మనుషుల మీద పనిచేస్తుందని తేలాక, జాజిని తీసుకురమ్మన్నారు పాణిగ్రాహి గారు. దాలమ్మ పిల్లకు నీళ్ళు పోసి, నూనె రాసి, కొత్త గౌను తొడిగి, ఒళ్ళో పెట్టుకుని ఆటోలో వచ్చింది. చెప్పులు బయట విడిచి, గుడిలోకి వచ్చినట్టు లోపలికి వచ్చింది.

మెత్తటి తువ్వాలు పరిచి జాజిని బోర్లా పడుకోబెట్టారు. తెర దించారు.

పాప వీపు మీద నీలపు గీతలు. మెడ దగ్గర నుంచి నడుము దాకా నాలుగు గీతలు, పక్కన పొట్టిగా ఒకటి. వెన్నుకు అటువైపు మళ్ళీ అలాగే. ఎవరో నీలం రంగులో చెయ్యి ముంచి రాసినట్టున్నాయి. ఆ గీతల మీద నుంచి ఆవిరి లేస్తూనే ఉంది.

పాణిగ్రాహి గారు దగ్గరగా వంగి చూసి, "ఇవి వేళ్ళు," అన్నారు.

దాలమ్మకు అర్థం కాలేదు. ఆ నీలం చూసి ముచ్చటపడింది. "కిష్ణుడి ఒళ్ళులాగున్నాది," అంటూ ముందుకు వంగింది. "నా సెయ్యి కూడా ఓసారి సూడవేటే. ఏటి కనబడతదో."

చెయ్యి చాపి అద్దం కిందకు తెచ్చింది. సునంద చప్పున ఆ మణికట్టు పట్టుకుని పక్కకు తీసేసింది.

"నూనె చేతులమ్మా. అద్దం మరకలవుతుంది."

ఆ మాటలో కోపం కూడా లేదు. పని తొందర, అంతే. దాలమ్మ చెయ్యి వెనక్కి తీసుకుని చీరకు తుడుచుకుంది.

ఆ రాత్రి భోజనాలయ్యాక సునంద చెప్పింది. మెల్లగానే చెప్పింది.

"అమ్మా, రేపటి నుంచి నీళ్ళు నేను పోస్తాను."

"నీకు ఆపీసు లేదేటి?"

"నలుగు రుద్దితే దాని ఒంటి మీద పొర పోతోంది. అద్దంలో చూశాం కదా. నీ వేళ్ళు పడ్డచోటల్లా పోయింది."

దాలమ్మ కంచం కడగబోతూ ఆగింది. "మెత్తగానే రుద్దుతాను గదే. నీకూ అలాగే రుద్దినాను."

"నన్ను అద్దంలో ఎవరూ చూడలేదమ్మా."

"మరి నూనో?"

"నూనె కూడా వద్దు."

దాలమ్మ ఇంకేమీ అడగకపోతే బాగుండేది. అడిగింది.

"ఎత్తుకోవచ్చా?"

సునంద వెంటనే అవునని చెప్పి ఉండాల్సింది. ఎర్రటి మచ్చలు గుర్తొచ్చాయి. "కొన్నాళ్ళు ఆగమ్మా, దాని ఒళ్ళు కుదుటపడేదాకా," అంది.

జగదీశ్ విని, "మరీ అంత అవసరమా?" అన్నాడు. "నీకు కనబడింది ఆవిరి. ఆవిడకు కనబడేది పిల్ల." సునంద కోపంగా చూసింది.

ఆ తరవాత దాలమ్మ జాజి ఏడిస్తే కొంగును రెండు అరచేతులకూ చుట్టుకుని ఎత్తుకునేది. పొయ్యి మీద నుంచి వేడిగిన్నె దించేటట్టు పట్టుకునేది. జాజి ఆ గుడ్డలో ఇమడలేక మెలికలు తిరిగేది. పిల్ల ముఖం దగ్గరికి చేతులు రాకుండా మోచేతులతో ఆనించుకునేది. కొన్నాళ్ళకు ఎత్తుకోవడమే మానేసి దూరంగా కూర్చుని పాటలు పాడటం మొదలుపెట్టింది. ఇంకొన్నాళ్ళకు, "పలాసలో ఇల్లు మూసి ఉంటే సెదలు పట్టేత్తాయి," అంది.

స్టేషనులో రైలు కదిలేముందు జగదీశ్ జాజిని కిటికీ దగ్గరికి ఎత్తాడు. పిల్ల ఊచల మధ్య నుంచి చెయ్యి లోపలికి పెట్టింది. దాలమ్మ రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టేసుకుంది. "అలాగే ఉండు తల్లీ, అలాగే ఉండు," అంటూ తల మాత్రం వంచి, నుదురు ఆ వేళ్ళకు తగిలేటట్టు ఆనించింది. వెంటనే తీసేసింది. నుదురు కూడా తగలొచ్చో లేదో అని కాబోలు, కూతురి వైపు చూసింది.

రైలు వెళ్ళిపోయింది. ఎన్ని వెళ్ళిపోవడాలు చూసినా, ఆ చివరిపెట్టె మలుపు తిరిగి ఖాళీ పట్టాలు మిగిలినప్పుడు మనిషికి మొదటిసారి లాగానే ఉంటుంది.

అద్దం పెద్దదయింది. ఆసుపత్రుల్లోకి వెళ్ళింది. చర్మం చెడిన పనివాళ్ళను ముందే గుర్తుపట్టి ఎంతో మేలు చేసింది, అందులో అబద్ధం లేదు. పిల్లల వార్డుల్లో మాత్రం 'వేలి గీతలు' అనే కొత్త జబ్బు పేరు పుట్టింది. గోడల మీద బొమ్మలు పడ్డాయి, 'ముందు అద్దంలో చూడండి, తరవాతే ముట్టుకోండి' అని. ఆ వాక్యం రాసింది సునందే. ఎన్నో ఇళ్ళల్లో నీళ్ళు పోసే చేతుల్ని ఆపేశారు.

జాజి మోచేతి మచ్చలు దాలమ్మ వెళ్ళాక కూడా తగ్గలేదు. ఎండాకాలమంతా ఉన్నాయి. వానలు పడ్డాక వాటంతట అవే పోయాయి. పలాస నుంచి ఫోను వచ్చినప్పుడల్లా మొదటి మాట మనవరాలి గురించే. "గుంట ఒళ్ళు ఎలాగున్నాదే?" తగ్గిందని చెప్పాక దాలమ్మ చాలాసేపు సంతోషపడింది. "సూసినావా, నాను ఎలిపోబట్టి తగ్గినాది," అంది. సునందకు అప్పుడు కూడా అది నిజమే అనిపించింది.

రమ్మంటే వచ్చేది కాదు. వీళ్ళు వెళ్తామంటే, "ఇక్కడ బట్టీ పొగ. పిల్లకి పడదు," అనేది. ఏళ్ళు గడిచాయి. జాజి బడికి వెళ్ళడం మొదలుపెట్టింది.

ఒకరోజు సముద్రం ఒడ్డున జాలర్లపేటలో పిల్లలకు శిబిరం పెట్టారు. సునంద అద్దంతో వెళ్ళింది. రొయ్యలు ఒలిచే నూకాలు అనే ఆవిడ మనవణ్ణి తెచ్చింది. వాడు పరిచిన తువ్వాలు తడిపేశాడు. ఇంకో తువ్వాలు దొరకక, స్టీలు బల్ల మీదే పడుకోబెట్టమంది సునంద. నూకాలు, వాడికి కింద చల్లగా తగులుతుందేమోనని, చేత్తో బల్లంతా ఓసారి తడిమింది. తరవాత వాణ్ణి పడుకోబెట్టబోయింది.

అద్దం అప్పటికే వెలిగి ఉంది.

ఖాళీ స్టీలు బల్ల మీద నీలపు గీతలు. నాలుగు పొడుగ్గా, ఒకటి పొట్టిగా. ఆవిరి లేస్తోంది.

నూకాలు తొంగిచూసింది. "ఒలమ్మో! ఈ బల్లకి కూడా జబ్బేటమ్మా?"

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు పకపకా నవ్వారు. "రొయ్యలు తిన్నాదేమో!" అంది ఒకావిడ.

సునందకు నవ్వు వినబడలేదు. ఆమె నూకాలు చెయ్యి పట్టుకుని వెల్లకిలా తిప్పి అద్దం కింద పెట్టింది. అరచెయ్యి మొత్తం నీలంగా మండిపోయింది. వేళ్ళ చివర్లలో కన్నుకు కనిపించని పగుళ్ళు, ఒక్కో పగులూ పొయ్యిలోని నీలిమంటలా. ఏళ్ళ తరబడి ఐసులోనూ ఉప్పునీళ్ళలోనూ నానిన చెయ్యి. లోపలి చెమ్మ బయటికి ఊరుతూ, ముట్టుకున్న ప్రతిచోటా అంటుకుంటోంది. పసివాడి ఒంటి మీద అయితే నూనెలో చిక్కుకుని గంటల తరబడి నిలుస్తోంది.

"మండుతోందా?" అని అడిగింది సునంద.

"మండకేం? సేతులన్నాక మండవేటి?" అంది నూకాలు.

బయటకు వచ్చి పాణిగ్రాహి గారికి ఫోను చేసింది.

"సార్, స్టీలుకు చర్మం ఉండదు."

ఖాళీ బల్ల మీది గీతల గురించీ, నూకాలు చెయ్యి గురించీ చెప్పింది. "మనం ఎప్పుడూ తువ్వాలు పరిచాం," అన్నారాయన. "తువ్వాలు పీల్చేసుకునేది. నలుగు గట్టిగా రుద్దకూడదు, అది నిజమే. కానీ ఆ గీతలు పిల్లలవి కావు. జబ్బు చూశాం. ఎవరిదో చూడలేదు. ఎన్ని ఇళ్ళల్లో చెప్పాం సునందా మనం?"

తప్పు ఒప్పుకుంటూ అన్ని ఆసుపత్రులకూ తెలియజేశారు. గోడల మీద బొమ్మలు తీయించారు. కొన్నిచోట్ల తీశారు, కొన్నిచోట్ల ఆ వాక్యం అలాగే ఉండిపోయింది. ఇళ్ళల్లో అన్న మాటల్ని మాత్రం ఎవరు వెళ్ళి తీస్తారు?

ఆ ఆదివారమే సునంద చేతిసంచీలో పట్టే చిన్న అద్దం తీసుకుని, జాజితో పలాస రైలెక్కింది.

దాలమ్మ అరుగు మీద కూర్చుని జీడిపప్పు మీది ఎర్రపొట్టు తీస్తోంది. ఇంటికి తెచ్చుకుని చేసే పని. వీళ్ళను చూడగానే లేచింది. చేతులు వెనక్కి వెళ్ళిపోయాయి.

"సెప్పకుండా వచ్చేసినారేటి! ఓలమ్మా, ఇదేనా? ఎంత పొడుగైపోనాదో. లోపలికి రండి, పొట్టు ఎగురుతాది, గుంటకి అంటుకుంటాది."

జాజి అమ్మ వెనక నక్కి చూస్తోంది. ఫోనులో కనబడే ముఖమే. కానీ ఇక్కడ వాసనా, గొంతూ వేరుగా ఉన్నాయి.

లోపలి గదిలో సునంద తలుపు దగ్గరగా వేసి, అద్దం బల్ల మీద పెట్టింది. "అమ్మా, నీ చెయ్యి ఇలా ఇవ్వు."

"వద్దే. మరకలైపోద్ది."

ఆ మాట ఒకప్పుడు సునంద అన్నదే. సునంద తనే తల్లి చేతులు రెండూ అందుకుని అద్దం కింద పెట్టింది.

నూకాలు చేతి కంటే ఎక్కువ. గీతలు లేవు, ముద్రలు లేవు, ఒకే ఒక్క నీలిమంట, మణికట్టు దాకా. దాలమ్మ నోరు తెరుచుకుని చూసింది.

"ఇదంతా నాదేనేటి?"

"నీదేనమ్మా. పాప ఒంటి మీద కనబడింది కూడా ఇదే. దాని పొర బాగానే ఉంది. పోయింది నీది. ఎన్నో ఏళ్ళ కిందటే పోయింది. నేను చూడలేదు."

దాలమ్మ ఆ మాటల్ని ఒక్కొక్కటిగా లోపలికి తీసుకున్నట్టు తల ఊపింది. తన చేతి గురించి ఏమీ అడగలేదు.

"అయితే గుంటకి నా వల్ల ఏటీ కాలేదా?"

"ఏమీ కాలేదమ్మా."

"నిజం సెప్పు. నా మనసుకోసం సెప్పకు."

"నిజం. చేతులు మండుతున్నాయని నాకెప్పుడూ ఎందుకు చెప్పలేదమ్మా?"

"మండడం కూడా ఓ జబ్బేటే? బట్టీలో అందరికీ మండినాయి. ఎవులికి సెప్పుకున్నాం?" అంది దాలమ్మ. కళ్ళు తుడుచుకోవడానికి భుజం వాడింది. చేతులు ఇంకా అద్దం కిందే ఉన్నాయి. తియ్యమని ఎవరూ చెప్పలేదని కాబోలు.

సునంద తెచ్చిన మందు రాసింది. దాలమ్మ పెదవి బిగబట్టింది. ఆ బిగబట్టడం స్నానాల గదిలో చూసిందే. జాజి దగ్గరికి వచ్చి, "అమ్మమ్మకు దెబ్బ తగిలిందా?" అని అడిగింది.

"పాత దెబ్బ తల్లీ. మీ అమ్మ ఇప్పుడే కనిపెట్టినాది." దాలమ్మ ముఖం ఒక్కసారి వెలిగింది. కూతురి వైపు తిరిగింది. "అయితే మరి నీళ్ళు పొయ్యొచ్చేటి? పొయ్యి మీద నీళ్ళకాగు పెడతాను. గిన్నెడు సున్నిపిండి కూడా ఉన్నాది."

సునంద "పొయ్యొచ్చమ్మా" అనబోయింది. అంతలోనే జాజి అంది.

"నేను పెద్దదాన్నయ్యాను అమ్మమ్మా. నాకు నేనే పోసుకుంటాను. సబ్బు కూడా నేనే రుద్దుకుంటాను."

దాలమ్మ చిన్నగా నవ్వింది. "మరేటి. పెద్దదానివైపోనావు," అంది. ఇంకోసారి అదే మాట అంది. లేచి వెళ్ళి కాగు పొయ్యి దగ్గర నుంచి పక్కకు జరిపింది.

రమ్మని సునంద ఎంత అడిగినా, ఒప్పుకున్న పప్పు పని ఉందనీ, అది అయ్యాక చూద్దామనీ అంది. సాయంత్రం ఆటో వీధి చివరే ఆగింది. అక్కడిదాకా సాగనంపడానికి దాలమ్మ కూడా గడప దిగింది. దారిలో రాళ్ళున్నాయి. జాజి వెనక్కి తిరిగి చెయ్యి చాపింది.

"చెయ్యి పట్టుకో అమ్మమ్మా, పడిపోతావు."

దాలమ్మ ఆ చిన్నచేతిని చూసింది. తన చెయ్యి ముందుకు వచ్చింది. మధ్యలోనే కొంగు లాక్కుని అరచేతికి చుట్టుకుని, ఆ గుడ్డతో మనవరాలి వేళ్ళు పట్టుకుంది.

"అమ్మా," అంది సునంద. "కొంగు అక్కర్లేదమ్మా."

"తెలుసునే," అంది దాలమ్మ.

కొంగు మాత్రం తియ్యలేదు.